కాటేజ్ చీజ్ చీజ్‌కేక్ తేడా కొడితే: లక్షణం, కారణం, పరిష్కారం

క్రీమ్ చీజ్ బదులు కాటేజ్ చీజ్ (గడ్డలు గడ్డలుగా, తడిగా ఉండే తాజా చీజ్, పనీర్ కాదు) వేస్తే చీజ్‌కేక్‌లో కొవ్వు బాగా తగ్గి, చీజ్ నుంచి వచ్చే ప్రోటీన్ దాదాపు రెట్టింపవుతుంది. అక్కడిదాకా అందరూ చెబుతారు. చెప్పకుండా వదిలేసేది నీళ్ల సంగతి. అమెరికా ఆహార నిబంధనల ప్రకారం క్రీమ్ చీజ్‌లో పాలకొవ్వు కనీసం 33 శాతం ఉండాలి, నీరు 55 శాతం మించకూడదు. అదే కాటేజ్ చీజ్‌లో నీరు 80 శాతం దాకా ఉండొచ్చు, కొవ్వు 4 శాతం ఉంటే చాలు. అంటే మనం కొవ్వు తీసేసి ఆ చోట నీళ్లనీ ప్రోటీన్‌నీ పెట్టుకున్నాం. ప్రోటీన్‌కి వేడి ఎక్కువ తగిలిందంటే బిగుసుకుపోయి, తనలో ఉన్న నీటిని బయటికి పిండేస్తుంది. కింద రాసిన సమస్యల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. కాబట్టి ఏ తేడా వచ్చినా ముందు నీటిని అనుమానించండి, తర్వాత వేడిని.

కొలతలు ఒకటే అయితే మాట్లాడుకోవడం తేలిక. 7 అంగుళాల టిన్నుకి కాటేజ్ చీజ్ 500 గ్రాములు, గట్టి పెరుగు 150 గ్రాములు, గుడ్లు 2, పంచదార 90 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ ఒకటిన్నర టేబుల్ స్పూన్లు, కాస్త వెనిలా, నిమ్మతొక్క తురుము. అడుగు పొరకి బిస్కెట్లు 120 గ్రాములు, వెన్న 45 గ్రాములు. 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర, వేడినీళ్ల ట్రేలో పెట్టి 45 నుంచి 50 నిమిషాలు. 8 ముక్కలు కోస్తే ఒక్కో ముక్కకి సుమారు 250 కేలరీలు, 11 గ్రాముల ప్రోటీన్ వస్తాయి.

తింటుంటే రవ్వరవ్వగా తగులుతోంది

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. దీనికి రెండు వేర్వేరు కారణాలున్నాయి. మీది ఏదో తేల్చుకోవాలంటే ఓవెన్‌లో పెట్టకముందే చూడాలి. కలిపిన మిశ్రమాన్ని చెంచా వెనకవైపు పల్చగా పూసి, వెలుతురు పడేలా ఏటవాలుగా పట్టుకోండి. నున్నగా మెరిస్తే సరే. గసగసాలంత గుళ్లు కనిపించినా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే ఇసకలా తగిలినా మిక్సీ పని ఇంకా పూర్తి కాలేదన్నమాట.

కాటేజ్ చీజ్ గడ్డలు విస్క్‌తోనో బీటర్‌తోనో నలగవు. వాటిని కోసేది మిక్సీ బ్లేడు మాత్రమే. అదీ కాటేజ్ చీజ్‌ని ఒక్కదాన్నే ముందు తిప్పినప్పుడు. చాలామంది గుడ్లు, పంచదార, పెరుగు అన్నీ ఒకేసారి జార్‌లో పడేస్తారు. మిశ్రమం పల్చబడిపోయి గడ్డలు బ్లేడుకి అందకుండా తేలుతూ తిరుగుతుంటాయి. అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి, చల్లదనం పోయాక, ఒక్క కాటేజ్ చీజ్‌నే 2, 3 నిమిషాలు తిప్పండి. మధ్యలో రెండు మూడుసార్లు ఆపి జార్ అంచులకి అంటుకున్నది కిందికి తోయండి. తర్వాత పెరుగు, పంచదార, కార్న్‌ఫ్లోర్. గుడ్లు అన్నిటికన్నా చివర, ఒకటి రెండుసార్లు పల్స్ ఇచ్చి ఆపేయాలి. అప్పటికీ అనుమానంగా ఉంటే సన్నని జల్లెడలో గరిటెతో నెట్టండి. పోలండ్‌లో సెర్నిక్ అనే చీజ్‌కేక్‌ని ట్వారోగ్ అనే తాజా చీజ్‌తో చేస్తారు. దాన్ని రెండు మూడుసార్లు మరలో ఆడించి గానీ వాడకపోవడం అక్కడి ఆనవాయితీ. గరుకు పోవాలంటే ఈ పనికి దగ్గరదారి లేదు.

ఓవెన్‌లోకి వెళ్లేటప్పుడు నున్నగానే ఉండి, బయటికి వచ్చాక రవ్వగా మారితే అది వేడి ఎక్కువై ప్రోటీన్ విరిగిన గరుకు. ఆ కేక్‌ని మళ్లీ నున్నగా చేయలేం గానీ పారేయక్కర్లేదు. పైభాగాన్ని గీకి, రెండు చెంచాల పెరుగుతో మళ్లీ మిక్సీ పట్టి, బిస్కెట్ పొడితో పొరలు పొరలుగా గ్లాసుల్లో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పిల్లలైతే దాన్నే ఇష్టపడతారు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. హోటల్ మెనూల్లో పనీర్‌నే కాటేజ్ చీజ్ అని రాస్తారు కాబట్టి అమెరికా రెసిపీ చూసి ప్యాకెట్ పనీర్ తెచ్చి వేసేస్తుంటారు. పనీర్ బాగా మరిగిన పాలని విరగ్గొట్టి, బరువు పెట్టి అదిమి చేసింది. దాన్ని ఎంత రుబ్బినా కాటేజ్ చీజ్ అంత మెత్తగా రాదు. కాటేజ్ చీజ్ డబ్బా దొరకని ఊళ్లో ఇంట్లోనే 2 లీటర్ల టోన్డ్ పాలు నిమ్మరసంతో విరగ్గొట్టి, నీళ్లు ఓడ్చి, బరువు పెట్టకుండా, గోరువెచ్చగా ఉండగానే మిక్సీ పట్టండి. సుమారు 350 గ్రాముల ముద్ద వస్తుంది. తక్కువైనది గట్టి పెరుగుతో నింపండి. ప్యాకెట్ పనీరే దిక్కయితే తురిమి, పది నిమిషాలు వేడినీళ్లలో నానబెట్టి, నీళ్లు వంపేసి, పెరుగూ కాసిని పాలూ పోసి తిప్పండి.

ముక్క కోస్తే నీరు ఊరుతోంది

నీరు ఎక్కడినుంచి వస్తోందో చూడండి. కోసిన పక్కల నుంచి పసుపుపచ్చని నీరు చెమటలా పడుతుంటే అది చీజ్‌లోని నీరే. అడుగు ఒక్కటే తడిసి ముద్దయితే ట్రేలోని నీళ్లు టిన్ను సందుల్లోంచి లోపలికి వెళ్లాయి. పైన మాత్రమే చుక్కలుంటే వేడి తగ్గకముందే మూతపెట్టారు.

మొదటిదానికి విరుగుడు వడకట్టడమే. పల్చని నూలు గుడ్డ పరిచిన చిల్లుల గిన్నెలో కాటేజ్ చీజ్ వేసి, కింద ఇంకో గిన్నె పెట్టి, ఫ్రిజ్‌లో గంట నుంచి రెండు గంటలు ఉంచండి. గట్టిగా పిండకండి, మెత్తని భాగం కూడా గుడ్డలోంచి వచ్చేస్తుంది. ఇదంతా మిక్సీకి ముందే జరగాలి. గడ్డలు విడివిడిగా ఉన్నప్పుడే వాటి మధ్యనుంచి నీరు దిగుతుంది. మెత్తగా రుబ్బేశాక వడకడదామంటే చుక్క కూడా కదలదు. వడకట్టిన చీజ్‌ని చెంచాతో తీసి బోర్లిస్తే వెంటనే జారిపోకుండా ఒక క్షణం పట్టుకుని ఉండాలి, అదీ గుర్తు. ఇంటి పెరుగు వాడేవాళ్లు కూడా ఇలాగే మూటకట్టండి, కానీ వంటింటి కొక్కేనికి వేలాడదీయకండి. మన ఎండాకాలంలో నీరు దిగేలోపే పెరుగు పులిసిపోతుంది. ఫ్రిజ్‌లోనే వేలాడదీయండి. దిగిన నీళ్లతో చపాతీ పిండి కలుపుకోవచ్చు.

వడకట్టినా ఎంతోకొంత తేమ ఉంటుంది. దాన్ని పట్టి ఉంచడానికే కార్న్‌ఫ్లోర్. ఒకటిన్నర టేబుల్ స్పూన్లు దాటితే మాత్రం పుడ్డింగ్ రుచి వచ్చేస్తుంది.

ట్రే నీళ్లు లోపలికి వెళ్తుంటే టిన్నుకి బయట వెడల్పాటి అల్యూమినియం ఫాయిల్ రెండు పొరలు చుట్టండి, అతుకులు ఉండకూడదు. ఇంకా భయమైతే టిన్నుని నీళ్లలో పెట్టకుండా, కింది అరలో వేడినీళ్ల గిన్నె విడిగా పెట్టినా ఆవిరి పనిచేస్తుంది.

బిస్కెట్ అడుగు మెత్తబడింది, లేదా పొడిగా రాలిపోతోంది

మెత్తబడితే కారణం పైన చెప్పిన తేమే. బిస్కెట్ పొడి, వెన్న కలిపి అదిమాక దాన్ని ఒక్కదాన్నే 170 డిగ్రీల దగ్గర 8 నుంచి 10 నిమిషాలు బేక్ చేసి, పూర్తిగా చల్లారనివ్వండి. ఆ తర్వాత పైన గుడ్డు తెల్లసొన పల్చగా రాసి ఇంకో రెండు నిమిషాలు ఓవెన్‌లో ఉంచితే తడి కిందికి దిగకుండా అడ్డుపొర ఏర్పడుతుంది. అయినా మూడో రోజుకి కరకరలాడుతుందని ఆశ పెట్టుకోవద్దు.

రాలిపోతుంటే వెన్న చాలలేదు, లేదా పొడి మరీ బరకగా ఉంది. డైజెస్టివ్‌లో కొవ్వు ఎక్కువ కాబట్టి తక్కువ వెన్నతో సరిపోతుంది. మారీ బిస్కెట్ పొడిగా ఉంటుంది, ఎక్కువ పీలుస్తుంది. క్రీమ్ ఉన్న చాక్లెట్ బిస్కెట్లని క్రీమ్‌తో సహా పొడి చేస్తే వెన్న ఇంకా తగ్గించొచ్చు. వెన్న పెంచడం ఇష్టం లేకపోతే ఒక చెంచా తెల్లసొన కలిపి బేక్ చేయండి, గట్టిగా పట్టుకుంటుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలబడాలి, వేలితో తాకితే విడిపోవాలి.

ఇక్కడే ఒక లెక్క చెప్పాలి. పైన ఇచ్చిన కొలతల్లో మొత్తం కేలరీల్లో 40 శాతానికి పైగా ఈ అడుగు పొరవే. లైట్‌గా ఉండాలని కొవ్వు లేని కాటేజ్ చీజ్ కొని కేక్‌ని ఎండబెట్టుకునేకన్నా, 4 శాతం కొవ్వున్నదే వాడి, బిస్కెట్ పొరని సగం మందంలో వేసుకోవడం తెలివైన పని. రుచి దెబ్బతినదు, కేలరీలూ తగ్గుతాయి.

పైన పగిలింది, రబ్బరులా సాగుతోంది

రెండూ ఒకే జబ్బు: ఎక్కువ వేడి, ఎక్కువసేపు. మన ఇళ్లలో ఉండే చిన్న ఓటీజీల్లో (ఓవెన్, టోస్టర్, గ్రిల్ కలిసిన ఓవెన్లు) పై రాడ్ టిన్నుకి బాగా దగ్గరగా ఉంటుంది. లోపల ఉడకకముందే పైన బిగిసిపోయి, అడుగు నుంచి ఉబ్బుతున్న మిశ్రమం ఆ పొరని చీలుస్తుంది. కింది రాడ్ మాత్రమే వేసి, టిన్నుని కింది అరలో పెట్టండి. డయల్ మీద ఉన్న అంకెని నమ్మకండి, చవకలో దొరికే ఓవెన్ థర్మామీటర్ ఒకటి లోపల పెడితే అసలు సంగతి తెలుస్తుంది.

ఎప్పుడు తీయాలనేది అన్నిటికన్నా ముఖ్యం. టిన్నుని మెల్లగా కదిపితే అంచులు గట్టిగా నిలబడి, నడిమధ్య రెండంగుళాల మేర మాత్రం గట్టి పెరుగులా వణకాలి. మధ్యలో ఉష్ణోగ్రత 65 నుంచి 68 డిగ్రీలు. అప్పుడే ఆపేయాలి. ఇంకా పచ్చిగా ఉందేమోనని టెన్షన్ పడి మరో పది నిమిషాలు ఉంచితే పగులూ గరుకూ నీరూ మూడూ కలిసి వస్తాయి. ఆపాక ఓవెన్ తలుపు కొద్దిగా తెరిచి గంటసేపు అలాగే వదిలేయండి. బయటికి తీయగానే పల్చని చాకుతో అంచు చుట్టూ విడదీయండి. లేకపోతే చల్లారి ముడుచుకునేటప్పుడు అంచు వదలక మధ్యలో చీలుతుంది.

ప్రోటీన్ పెంచుదామని పచ్చసొనలు తీసేసి తెల్లసొనలే పోసినా రబ్బరు వస్తుంది. కేక్‌కి మెత్తదనం ఇచ్చే కొవ్వు ఆ పచ్చసొనలోనే ఉంది. పంచదార మరీ కోసేసినా అంతే. గుడ్డు త్వరగా బిగుసుకోకుండా ఆపే పని కూడా పంచదారదే. 90 గ్రాముల్ని 60కి దించొచ్చు, అంతకన్నా తగ్గించాలంటే బేకింగ్ సమయం కూడా తగ్గించి జాగ్రత్తగా చూసుకోవాలి.

నీచు వాసన వస్తోంది

గుడ్లు ఎక్కువయ్యాయి, లేదా కేక్ ఎక్కువ ఉడికింది. రెండు గుడ్లు దాటకండి. నిమ్మతొక్క తురుము తప్పకుండా వేయండి, వెనిలా ఒక్కటే ఆ వాసనని కప్పలేదు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంటే చాలావరకూ పోతుంది.

ఉప్పగా, పుల్లగా ఉంది

డబ్బాలో వచ్చే కాటేజ్ చీజ్‌లో ఉప్పు వేస్తారు. లేబుల్ చూసి ఉప్పు కలపనిది ఎంచుకోండి. ఉప్పున్నదే దొరికితే మిశ్రమంలో గానీ బిస్కెట్ పొడిలో గానీ విడిగా ఉప్పు వేయకండి. పులుపు పెరుగు నుంచి వస్తుంది, ఆ పూట తోడుకున్న తియ్యని పెరుగే మూటకట్టుకోవాలి.

గుడ్డు లేకుండా చేస్తే గట్టిపడలేదు

గుడ్డు తీసేసి మిగతావన్నీ అలాగే ఉంచితే పట్టుకునేది పెద్దగా ఏమీ ఉండదు. ఓవెన్ లేకుండా ఫ్రిజ్‌లో గట్టిపరచాలంటే జెలటిన్ (జంతువుల నుంచి తీసేది) లేదా చైనా గ్రాస్ (సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్) కావాలి. శాకాహారులకి చైనా గ్రాసే. దాన్ని నీళ్లలో పూర్తిగా కరిగేదాకా మరిగించాలి, వేడినీళ్లలో కలిపితే చాలదు. కరిగిన దాన్ని చల్లని చీజ్‌లో పోస్తే అక్కడికక్కడే పీచులు కడుతుంది. అందుకే చీజ్ మిశ్రమాన్ని కూడా గోరువెచ్చగా చేసుకుని, చకచకా కలిపేయండి.

పైనాపిల్ వేసేవాళ్లు జాగ్రత్త. పచ్చి పైనాపిల్‌లో ప్రోటీన్‌ని విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. జెలటిన్‌ని గట్టిపడనివ్వదు, చీజ్‌ని చేదెక్కిస్తుంది. పచ్చి బొప్పాయిదీ ఇదే గుణం. పైనాపిల్ ముక్కల్ని పంచదారతో ఉడికించి చల్లార్చి వేస్తే ఏ ఇబ్బందీ లేదు.

ప్రోటీన్ పౌడర్ వేశాక సుద్దలా ఉంది

వే పౌడర్ (పాలు విరిగిన నీళ్లలోని ప్రోటీన్ పొడి) వేడికి గట్టిపడి, ఉన్న తేమనంతా లాగేసుకుంటుంది. ఈ కొలతకి 25, 30 గ్రాములు దాటనివ్వకండి. అది వేసినప్పుడు కార్న్‌ఫ్లోర్ కొంత తగ్గించి, రెండు మూడు చెంచాల పాలు పోయండి. నన్నడిగితే అసలు వద్దంటాను. ముక్కకి 11 గ్రాములు పాలూ గుడ్ల నుంచే వస్తున్నప్పుడు, ఇంకో మూడు గ్రాముల కోసం రుచి పాడుచేసుకోవడం ఎందుకు?

ఫ్రిజ్‌లో పెట్టాక పాడవుతోంది

మూతపెట్టి ఉంచితే మూడు, నాలుగు రోజులు బాగుంటుంది. ఫ్రీజర్‌లో పెడితే కరిగేటప్పుడు నీరు విడిచి మళ్లీ రవ్వగా మారుతుంది, కొవ్వు తక్కువ ఉన్న కేక్‌లో ఇది మరీ ఎక్కువ. కుకీల తునకలు పైన చల్లేది ఉంటే ముందే చల్లకుండా వడ్డించే ముందు చల్లండి.