ఊతకర్ర కట్టినా మొక్క ఒరుగుతోందా? కారణాలు, పరిష్కారాలు

చెన్నైలో ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉంటాయి. వానతో నానిన నేల మీద బలమైన గాలి తోడైతే పెద్ద చెట్లే నిలవవని 2016 డిసెంబరు 12న వర్దా తుపాను ఈ నగరానికి చూపించింది. అందుకే ఇక్కడ లేత మొక్క నాటగానే పక్కన ఒక కర్ర పాతడం అలవాటైంది. అయితే ఏ కర్ర కొనాలన్న ప్రశ్నకు ముందు, ఆ మొక్క సొంతంగా ఎందుకు నిలబడలేకపోతోందో తేల్చుకోవడం అవసరం.

మొక్క మొదలుతో సహా ఊగుతోంది

కాండాన్ని పట్టుకొని మెల్లగా అటూ ఇటూ కదిపి, కళ్ళు మాత్రం మొదలు దగ్గరి మట్టి మీద ఉంచండి. కాండం చుట్టూ మట్టి విడిపోయి గరాటులాంటి ఖాళీ కనిపిస్తే లోపం వేళ్ళలో ఉన్నట్టు; మట్టి కదలకుండా కాండం మాత్రమే వంగితే లోపం కాండంలో ఉన్నట్టు. వేళ్ళ లోపానికి తరచుగా కనిపించే కారణం, నర్సరీ కవరులో ఎక్కువ కాలం ఉండి గుండ్రంగా చుట్టుకుపోయిన వేళ్ళను విడదీయకుండా అలాగే నాటేయడం. ఇటీవల నాటిన మొక్కయితే బయటికి తీసి, చుట్టుకున్న వేళ్ళను విప్పి లేదా కత్తిరించి తిరిగి నాటడమే సరైన మార్గం. ఎంత గట్టి కర్ర అయినా ఆ పని చేయలేదు.

తిరువాన్మియూరు, శాంథోమ్ వంటి ఇసుక నేలల్లో వేరు పట్టు దొరకడానికి సమయం పడుతుంది కనుక అక్కడ ఒంటి కర్ర చాలదు. వేరుముద్దకు బయట, ఎదురెదురుగా రెండు కర్రలను కనీసం అడుగున్నర లోతున పాతి, మొక్కను మధ్యలో ఉంచి రెండింటికీ కట్టాలి. వాటిని కలిపే గీత గాలి వచ్చే దిశకు అడ్డంగా ఉండాలి. తుపాను దాటిపోయే క్రమంలో గాలి దిశ మారుతుంది కాబట్టి, పూర్తిగా బయలుగా ఉన్న స్థలంలో త్రికోణంగా మూడు కర్రలు పాతడమే మేలు. టీ. నగర్, అన్నా నగర్ వైపు బంకమట్టిలో మాత్రం గుంతలో నీరు నిలిచి వేరు కుళ్ళుతోందేమో ముందు చూసి, నీరు పోయే దారి చేయండి.

కర్ర తీయగానే కాండం వాలిపోతోంది

కాండం గాలికి ఊగినప్పుడే దాని మొదలు లావెక్కుతుంది. చిటారు దాకా పొడవైన కర్రకు మూడు నాలుగు చోట్ల బిగించి కట్టిన మొక్కకు ఆ అవకాశమే ఉండదు; అది ఎత్తు పెరుగుతుంది గానీ బలం పుంజుకోదు. కింది రెమ్మలన్నీ ముందే తుంచేయడం ఈ లోపాన్ని మరింత పెంచుతుంది, ఎందుకంటే కాండం అడుగుభాగాన్ని లావు చేసేవి ఆ రెమ్మలే.

ఇలాంటి మొక్కకు కట్టు ఎక్కడ వేయాలో మొక్కే చెబుతుంది. కాండాన్ని రెండు వేళ్ళతో కింది నుంచి పైకి పట్టుకుంటూ వెళ్ళండి. ఏ ఎత్తులో పట్టుకుంటే పైభాగం తనంతట తాను నిటారుగా నిలబడుతుందో, దానికి జానెడు పైన ఒకే కట్టు వేసి, కర్ర అంతకు మించి ఉంటే కోసేయండి. బలం వచ్చేకొద్దీ కట్టును కిందికి దించండి. చాలా మొక్కలకు ఏడాది చాలు, కానీ గడువు నిండిందని అక్టోబరులో కర్ర తీసేయకండి. వానలు వెళ్ళాక జనవరిలో ముందు కట్టు విప్పి, కొద్ది రోజులు గమనించి, ఆ తర్వాత కర్ర తీయండి.

కట్టు దగ్గర బెరడు నొక్కుకుపోయింది

కట్టుకు పైన కాండం ఉబ్బి, కింద సన్నగా ఉంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు. ఆకులు తయారుచేసిన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్ళకు దిగుతుంది. బైండింగు తీగ, నైలాన్ తాడు ఆ పొరను కోసేస్తే వేరు ఆకలితో చచ్చిపోతుంది. వీధి పక్కన ఎన్నడూ విప్పని తీగలు, ఇనుప కంచెలు కాండంలోకి దిగిపోయిన చెట్లను చూసినప్పుడు, నాటిన చేతులే ఏడాదికోసారి వచ్చి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. తీగను లాగకండి, కటింగ్ ప్లయరుతో ముక్కలు చేసి ఊడివచ్చినంత తీసి, బెరడు మింగేసిన భాగాన్ని వదిలేయండి. కొత్త కట్టుకు కొబ్బరి తాడు గానీ పాత నూలు చీర పేలిక గానీ వాడండి. కాండానికీ కర్రకూ మధ్య తాడును ఒకసారి మెలిపెట్టి ఎనిమిది అంకె ఆకారంలో కడితే బెరడు కర్రకు ఒరుసుకోదు. కట్టులో వేలు దూరేంత వదులు ఉండాలి.

కర్రే విరిగిపోతోంది

వెదురు చాలావరకు నేలను తాకే చోటే కుళ్ళుతుంది, లేదా చెద తింటుంది. చెట్టు మొక్కలకు సరుగుడు కర్ర నయం. ఇక్కడి దుకాణాల్లో సవుక్కు అని అడిగితే ఇస్తారు. మిద్దె తోటలో గ్రో బ్యాగులో పాతిన కర్రకు పట్టు ఉండదు కనుక, కర్రల తలలను అడ్డ గెడతో కలిపి ఆ గెడను పిట్టగోడకు కట్టాలి.

తీగ కర్రను పట్టుకోవడం లేదు

చిక్కుడు తన కాండంతోనే చుట్టుకుంటుంది కాబట్టి లావు కర్రనైనా ఎక్కుతుంది. కాకర, బీర, దొండ నులితీగలతో పట్టుకుంటాయి, వాటికి సన్నని ఆధారమే కావాలి. కర్ర వెంట పురికొస దారం గానీ వల గానీ వేలాడదీస్తే తీగ సులువుగా పందిరికి చేరుతుంది. మే నెల ఎండలో ఇనుప జాలీ కాలిపోతుంది, లేత నులితీగలు దానికి తగిలి మాడవచ్చు. కొబ్బరి తాడు మేలు.

టమాటాకు కర్రను నారు నాటిన రోజే పాతండి, కాయలు దిగాక గుచ్చితే వేళ్ళు తెగుతాయి. గుబురు రకాలకు మూడు నాలుగు అడుగుల కర్ర సరిపోతుంది, ఆగకుండా పెరిగే రకాలకు ఆరడుగులు కావాలి.