టూ-స్ట్రోక్ బండికి నైట్రస్: తిరకాసంతా పెట్రోలు దగ్గరే

ట్రాక్ మీద నడిపే చిన్న టూ-స్ట్రోక్ బండికి నైట్రస్ (అదనపు పవర్ కోసం ఇంజిన్‌లోకి వదిలే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్) బిగించాక, దాన్ని వదిలే బటన్ నొక్కితే ఒక్క క్షణం లాగి వెంటనే టకటకమని కొట్టుకునేది. ప్లగ్ విప్పితే పింగాణీ తెల్లగా పాలిపోయి, దానిమీద సన్నటి అల్యూమినియం చుక్కలు. అంటే పిస్టన్ కరగడం మొదలైందన్నమాట.

నైట్రస్‌లో బరువు ప్రకారం ఆక్సిజన్ 36 శాతం, గాలిలో 23. దానికి తగ్గ పెట్రోలు అందకపోతే వేడంతా పిస్టన్ నెత్తినే. 20 డిగ్రీల దగ్గర గ్యాస్ బాటిల్‌లో ఒత్తిడి సుమారు 50 బార్. ట్యాంకు నుంచి దానంతటది కారే పెట్రోలుకి ఒత్తిడి దాదాపు లేనట్టే. ఇక జెట్ (పెట్రోలు వెళ్ళే సన్నటి రంధ్రం) పెంచి ఏం లాభం?

పిస్టన్ మార్చి, విడిగా చిన్న ట్యాంకు, పంపు పెట్టాను. అందులో ఆయిల్ కలిపిన పెట్రోలే పోయాలి. బండికి ఆయిల్ పంపు ఉన్నా, ఈ అదనపు పెట్రోలు సంగతి దానికి తెలియదు కదా! బటన్ తీసేసి, థ్రాటిల్ పూర్తిగా తెరిస్తేనే కలిసే మైక్రోస్విచ్ పెట్టాను. ఇగ్నిషన్ కొంచెం వెనక్కి, అంటే నిప్పురవ్వ కాస్త ఆలస్యంగా; ప్లగ్ ఒక మెట్టు చల్లనిది, అంటే వేడిని త్వరగా వదిలేది.

ఇప్పుడు ప్లగ్ గోధుమరంగులో వస్తోంది, అంటే పెట్రోలు సరిపోతోందన్నమాట. ఎగ్జాస్ట్ వేడెక్కడంతో పవర్ వచ్చే ఇంజిన్ వేగం (ఆర్‌పీఎం) కాస్త పైకి జరిగింది. ఇక దానికి తగ్గట్టు స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళచక్రం) మార్చాలి.