చేపతో మొదలుపెట్టి చైనీస్: గోదావరి వంటింట్లో భాష, బేరం

వడ్లు, బియ్యం, అన్నం. ఒకే గింజకి మూడు దశల్లో మూడు పేర్లు పెట్టుకున్నాం. ఇంగ్లీషులో మూడింటికీ రైస్ అంటే సరిపోతుంది. చైనీస్‌లో మనలాగే మూడూ వేరు: చేలో ఉన్నది తావ్4, మర ఆడించినది మి3, ఉడికినది ఫాన్4. పక్కన వేసిన అంకెల సంగతి కాసేపట్లో చెబుతాం. పొద్దున్న గట్టు మీద ఎదురైన మనిషిని "భోంచేశారా?" అని పలకరించే అలవాటు కూడా అక్కడుంది: "ఛి1 ఫాన్4 ల మా?" తిన్నారో లేదో తెలుసుకోవడానికి కాదు, పలకరింపు అంతే.

అందుకే డెల్టాలో ఉంటూ చైనీస్ నేర్చుకునేవాళ్ళు పాఠ్యపుస్తకం మొదటి పేజీ దగ్గర కాకుండా పొయ్యి దగ్గర మొదలుపెట్టడం మేలు. ఇంకో కారణం కూడా ఉంది. డబ్బు గురించి, ఉద్యోగం గురించి, లాభనష్టాల గురించి చైనా జనం మాట్లాడే మాటల్లో ఎన్నో వంటింటివే. రొయ్యల వ్యాపారం కోసం నేర్చుకునేవాళ్ళకి ఇది రెండు రకాలా కలిసొస్తుంది.

ముందు నోరు తిరగాలి

చైనీస్‌ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసే పద్ధతిని పిన్‌యిన్ అంటారు. తెలుగువాళ్ళని ఎక్కువగా ముంచేది అదే. అందులో బి అని రాసింది మన బ కాదు, ప. డి అంటే త, జి అంటే క. పి, టి, కె అని రాసినవి ఒత్తు ఉన్న ప, థ, ఖ. అంటే చైనీస్‌లో మాట మొదట బ, డ, గ లు రానే రావు, తేడా అంతా ఒత్తులోనే. మన లిపిలో ఆ తేడా చూపించే అక్షరాలు ఉన్నాయి కాబట్టి పిన్‌యిన్ పక్కనే తెలుగులో రాసుకోండి. ఒక్క ఫ దగ్గరే జాగ్రత్త. ఫ్యాను అన్నట్టు పెదవి కొరికి పలికే ఫ చైనీస్‌లో వేరే ఉంది (ఫాన్4 అందులోదే). ఒత్తు ప ని "ప్హ" అని రాసుకుంటే రెండూ కలిసిపోవు.

చ దగ్గర మనకి పుట్టుకతో వచ్చిన సౌకర్యం ఉంది. "చెయ్యి" అన్నప్పటి చ వేరు, "చాప", "చుట్ట" అన్నప్పటి చ వేరు. రెండోదాన్ని పాత పుస్తకాల్లో ౘ అని రాసేవారు. పిన్‌యిన్‌లో జెడ్ అని రాసేది అచ్చంగా ఆ ౘ. సి అని రాసేది దాని ఒత్తు రూపం. ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్ళు దీనికే వారాలు పడతారు, మీరు "చాప" అంటే చాలు. ఎక్స్ మన శ, ఎస్‌హెచ్ మన ష. డెల్టాలో మాట్లాడేటప్పుడు శ ని స గా పలకడం అలవాటు, ఇక్కడ మాత్రం దాన్ని మానుకోవాలి. రొయ్య "శియా1", "సియా" కాదు. చేప "యు2". పెదవులు ఊ అన్నట్టు ముడిచి, నాలుక ఈ అన్నట్టు ఉంచితే ఆ అచ్చు వస్తుంది.

ఇక అంకెలు, అంటే మాటని ఏ స్వరంలో పలకాలో చెప్పే గుర్తులు. 1 అంటే శ్రుతి పట్టినట్టు పైన నిలకడగా. 2 అంటే సరిగా వినపడక "ఏఁ?" అన్నప్పటి ఎత్తు. 3 అంటే ఇష్టం లేకుండా ఒప్పుకుంటూ "ఊఁ..." అన్నట్టు గొంతు కిందే ఉండటం. 4 అంటే "పో!" అని కసిరినట్టు దిగిపోవడం. అంకె లేనిది తేలిగ్గా వదిలేసే స్వరం. వీటిని నగిషీ అనుకుంటే డబ్బు పోతుంది: మాయ్3 అంటే కొను, మాయ్4 అంటే అమ్ము. వాన్3 గిన్నె, వాన్4 పదివేలు. చియాంగ్1 అల్లం, చియాంగ్4 ముద్దగా చేసిన సాస్.

మనవాళ్ళు చేసే తప్పు ఎక్కువగా మాట చివర్లో ఉంటుంది. "తిన్నావా?" అని తోక ఎత్తే అలవాటు చైనీస్‌లోకి పట్టుకెళ్తాం. అప్పుడు "కొంటావా?" అని అడగబోయి మాయ్2 అంటాం. దానికి పూడ్చిపెట్టు అని అర్థం. ప్రశ్న పని చివరి "మా" చేస్తుంది, గొంతు ఎత్తక్కర్లేదు. ఒక మినహాయింపు ఉంది: 3 పక్కన 3 వస్తే మొదటిది 2 అవుతుంది. ని3 హావ్3 (నమస్కారం) అని రాసినా పలికేది ని2 హావ్3. రెండు మాటలు కలిపి సాధన చేయమనేది ఇందుకే. ఒక్కొక్క మాటే వల్లిస్తే వాక్యంలో తప్పుతుంది.

పండుగప్పతో ఆవిరి చేప

ఛింగ్1 చంగ్1 యు2. చంగ్1 అంటే ఆవిరి మీద ఉడికించడం. దక్షిణ చైనాలో, ముఖ్యంగా గ్వాంగ్‌డాంగ్‌లో, ఇంటి వంటకి పరీక్ష ఇదే. మన పండుగప్ప దీనికి బాగా కుదురుతుంది: తెల్లటి కండ, కొవ్వు సరిపడా, సన్నముళ్ళు తక్కువ. శీలావతి, బొచ్చె రుచికి తీసిపోవు గానీ కండలో సన్నముళ్ళు చిక్కుకుని ఉంటాయి, పులుసుకే బాగుంటాయి.

600 నుంచి 700 గ్రాముల చేపని తల, తోక ఉంచి శుభ్రం చేయించండి. పొట్టలో వెన్నుముక వెంట ఉన్న నల్లటి రక్తపు గీతని వేలితో గీకి తీసేయాలి, నీచు వాసన అక్కడిదే. పసుపు, చింతపండు వద్దు. ఉప్పుతో రుద్ది కడిగి, గుడ్డతో తడి పూర్తిగా అద్దండి. చెరువు చేపకి బురద వాసన ఉంటే కాస్త నిమ్మరసం పట్టించి ఐదు నిమిషాల తర్వాత కడిగేస్తే తగ్గుతుంది. వీపు వైపు మందంగా ఉన్నచోట రెండు పక్కలా చెరో రెండు గాట్లు పెట్టండి.

పెద్ద ఇడ్లీ పాత్ర చాలు. ప్లేట్లు తీసేసి అడుగున స్టాండు ఉంచండి, నీళ్ళు దానికి అంటకూడదు. చేప పెట్టే పళ్ళేనికీ పాత్ర అంచుకీ మధ్య వేలు దూరేంత ఖాళీ లేకపోతే ఆవిరి పైకి రాదు. పళ్ళెంలో రెండు చెంచాలు అడ్డంగా వేసి వాటి మీద చేపని పెడితే కిందనుంచీ ఉడుకుతుంది. మూతకి ఆవిరి కుడుముకి కట్టినట్టే గుడ్డ కట్టండి, లేకపోతే చుక్కలు పడి కండ చప్పబడుతుంది.

నీళ్ళు తెర్లుతున్నప్పుడే చేప పెట్టాలి. చల్ల నీళ్ళ మీద పెట్టి వెలిగిస్తే నెమ్మదిగా వేడెక్కి రసం కారిపోతుంది, కండ పీచులా అవుతుంది. పెద్ద మంట మీద 9 నిమిషాలు, 700 గ్రాములు దాటితే 10. మధ్యలో మూత తీయకండి. కన్ను తెల్లబడి బయటికి పొంగాలి, మందమైన చోట పుల్ల గుచ్చితే ముల్లు దాకా తేలిగ్గా దిగాలి.

పళ్ళెంలో మడుగు కట్టిన తెల్లటి నీళ్ళని పారబోయండి. పులుసు అలవాటున్న చేతికి ఇది కష్టంగా ఉంటుంది, అయినా పోయాల్సిందే. నీచంతా అందులోనే ఉంటుంది. సన్నటి పోగుల్లా తరిగిన అల్లం, ఉల్లికాడలు పైన పరవండి. రెండు పెద్ద చెంచాల లైట్ సోయా సాస్‌లో రెండు చెంచాల వేడినీళ్ళు, అర టీస్పూన్ పంచదార కలిపి చేప పక్కనుంచి పోయండి. డార్క్ సోయా సాస్ రంగు కోసం వాడేది, దాన్ని పోస్తే చేప నల్లబడుతుంది. ఆఖరికి రెండు చెంచాల వేరుశనగ నూనెని పొగ లేచేదాకా కాచి అల్లం మీద పోయాలి. చుయ్‌మని శబ్దం రాకపోతే నూనె కాగలేదన్నమాట. మన గానుగ నువ్వుల నూనె ఇక్కడ పనికిరాదు: చైనా వాళ్ళు వాడేది వేయించిన నువ్వులతో తీసినది, వాసనే వేరు, అదీ చుక్కల లెక్కనే.

తినేటప్పుడు పైపక్క అయిపోయాక చేపని తిరగేయకండి. ముల్లు ఎత్తి పక్కన పెట్టి కిందిపక్క తినాలి. తీరప్రాంత చైనాలో చేపని తిరగేస్తే పడవ బోల్తా పడుతుందని జాలర్ల పట్టింపు.

చేప అక్షరం కూడా అదే పూట నేర్చుకోండి. ఇప్పటి రూపంలో 8 గీతలు: పైన వంపు తిరిగిన చిన్న టోపీ, మధ్యలో నాలుగు గళ్ళ పెట్టె, అడుగున ఒక అడ్డగీత. ఆ పెట్టె ఒంటరిగా రాస్తే పొలం అనే అక్షరం. నిజానికి అది చేప బొమ్మలోంచే వచ్చింది గానీ, వరి పొలాలు చేపల చెరువులైన ఊళ్ళలో ఉన్నవాళ్ళకి పొలంలో చేప అని గుర్తుపెట్టుకోవడం తేలిక.

తిండి మాటల్లో డబ్బు

యు2 అంటే చేప. వేరే అక్షరంతో రాసే ఇంకో యు2 ఉంది, మిగులు అని అర్థం. కొత్త సంవత్సరం రాత్రి బల్ల మీద చేప ఉండటానికి కారణం ఇదే: "నియెన్2 నియెన్2 యౌ3 యు2", ఏటేటా మిగులు ఉండాలని. చాలా ఇళ్ళలో ఆ రాత్రి చేపని పూర్తిగా తినకుండా కొంత మర్నాటికి ఉంచుతారు. మీరు అతిథిగా వెళ్తే ఖాళీ చేయకండి.

ఛావ్3 అంటే పెద్ద మంట మీద గబగబా వేయించడం. గుడ్డు అన్నం తాన్4 ఛావ్3 ఫాన్4. దానికి రాత్రి మిగిలిన స్వర్ణ అన్నం పనికొస్తుంది. మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఎంటీయూ 7029 అనే వరి రకం అదే. పొడిగా విడివడుతుంది కాబట్టి బాణలికి అంటుకోదు. వేడన్నం వేస్తే ముద్దవుతుంది. అదే ఛావ్3 కి వాటాలు అనే కు3 చేర్చి ఛావ్3 కు3 అంటే షేర్లతో జూదంలా కొనడం, అమ్మడం. వేగంగా తిప్పుతూనే ఉండాలి, ఆగితే మాడుతుంది. ఛావ్3 యౌ2 యు2, అంటే స్క్విడ్ వేపుడు, ఉద్యోగంలోంచి తీసేయడం. వేడికి స్క్విడ్ ముక్క చుట్టచుట్టుకున్నట్టు పనివాడు పక్క చుట్టుకుని పోతాడని.

థియె3 ఫాన్4 వాన్3, ఇనప అన్నంగిన్నె, పగలని ఉద్యోగం. 1990ల చివర్లో ప్రభుత్వ కర్మాగారాల్లో కోట్ల మందిని తీసేసినప్పుడు ఆ గిన్నె పగిలింది. సర్కారు ఉద్యోగం మీద మోజు మాత్రం అక్కడ ఇప్పటికీ గట్టిగానే ఉంది. తా4 క్వొ1 ఫాన్4, పెద్ద బాణలి అన్నం, పనిచేసినా చేయకపోయినా అందరికీ ఒకే వాటా దొరికే పద్ధతి. 1978లో అన్హుయ్ రాష్ట్రంలో శియావ్‌కాంగ్ అనే ఊళ్ళో 18 మంది రైతులు పొలాన్ని ఇంటింటికీ పంచుకుని రహస్యంగా ఒప్పందం రాసుకున్నది ఆ పద్ధతి నుంచి బయటపడటానికే. మార్కెట్ వైపు అడుగు అక్కడినుంచి పడిందని వాళ్ళే చెప్పుకుంటారు.

ఛి1 అంటే తిను. మనం దెబ్బ తింటాం, తిట్లు తింటాం, వడ్డీ తిని బతుకుతాం. వాళ్ళు చేదు తింటారు: ఛి1 ఖు3, కష్టానికి ఓర్చుకోవడం. కాకరకాయ ఖు3 క్వా1 లో ఉన్నది ఆ ఖు3 యే. నష్టం తినడం ఛి1 ఖ్వెయ్1. "నష్టం తినడమే భాగ్యం" అనే సామెత వ్యాపారంలో వింటారు. చిన్న నష్టాన్ని ఓర్చుకుంటే మనిషి నిలుస్తాడని లెక్క. అలా వదులుకున్నది ఎదుటివాళ్ళు గుర్తుపెట్టుకుంటారని కూడా లెక్క, కాబట్టి ఉచితంగా వచ్చిందనుకోకండి.

లెక్క తప్పకుండా

చైనా సంతలో ధర కిలోకి కాదు, చిన్1 కి. అంటే 500 గ్రాములు. చిన్1 30 ఖ్వాయ్4 (యువాన్‌కి వాడుక మాట) అంటే కిలో 60 యువాన్లు. రొయ్యల కౌంట్‌కీ ఇదే చిక్కు: మన 40 కౌంట్ కిలోకి 40 రొయ్యలు, చిన్1 లెక్కలో 20. ఏ తూకం అన్నది ముందే అడిగి కాగితం మీద రాయించుకోండి.

లక్ష, కోటి అక్కడ లేవు. వాన్4 పదివేలు, ఆ తర్వాత యి4 అంటే 10 కోట్లు. కామాని వెనకనుంచి నాలుగు అంకెలకి మార్చండి: 3,50,000 ని 35,0000 అని రాస్తే సాన్1 షి2 వు3 వాన్4 (35 పదివేలు) అని చదవడమే. లక్ష అంటే షి2 వాన్4. కోటి అంటే యి4 ఛియెన్1 వాన్4, వెయ్యి పదివేలు (ఈ యి4 అంటే ఒకటి, 10 కోట్లు కాదు). ఛియెన్1 వెయ్యి, ఛియెన్2 డబ్బు.

దుకాణం మీద "8 చ2" అని ఉంటే 8 శాతం తగ్గింపు కాదు. ధరలో పదికి ఎనిమిది వంతులు కట్టాలని. అంటే 20 శాతం తగ్గింపు.

బేరానికి మూడు మాటలు చాలు: తువొ1 షావ్ ఛియెన్2 (ఎంత), థాయ్4 క్వెయ్4 ల (మరీ ఎక్కువ), ప్హియెన్2 యి తియెన్3 (కొంచెం తగ్గించండి). సంతలో బేరం తప్పు కాదు, సూపర్‌మార్కెట్‌లో కుదరదు. పెద్దవాళ్ళతో, కొత్త వ్యాపారులతో ని3 అనకుండా నిన్2 అనండి, మన మీరు అదే.

పెళ్ళికి చదివింపులు ఎర్ర కవరులో, హుంగ్2 పావ్1, పెట్టాలి. కొత్త నోట్లు, సరి సంఖ్య, 6, 8 మంచివి. 4 వద్దు, నాలుగు (స4), చావు (స3) దగ్గరగా వినిపిస్తాయి. మన అలవాటున 101, 501 పెట్టేయకండి. బేసి మొత్తం అక్కడ చావింట్లో ఇచ్చే లెక్క.

రోజుకి ఐదు మాటలు చాలు. చైనీస్ ఎంత వచ్చో చూసే హెచ్‌ఎస్‌కే పరీక్ష పాత పద్ధతిలో మొదటి మెట్టుకి అడిగింది 150 మాటలే, నెల రోజుల పని. మాటలు రాసిన చీటీలు డబ్బాల మీద అంటించండి, బియ్యం డబ్బా మీద మి3, అల్లం బుట్ట మీద చియాంగ్1. చేప ఉడికే 9 నిమిషాల్లో ఆ పూట ఐదు మాటలూ జంటలుగా పలికి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మొదట మాయ్3, మాయ్4. మర్నాడు విన్నప్పుడు ఏది కొనడమో ఏది అమ్మడమో మీ గొంతులోనే తేలకపోతే, కొత్త మాటలకి వెళ్ళకుండా ఆ జంటే ఇంకో పూట చేయండి.