నెట్ లేని చోట వెబ్‌సైట్ చదవాలా? మొత్తం సైటును ల్యాప్‌టాప్‌లోకి దించుకోవడం ఎలా?

మా బావ మైపాడు దగ్గర రొయ్యల గుంటలు చేస్తాడు. గట్టు మీద రేకుల షెడ్డులో రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు కనిపెట్టుకుని కూర్చోవాలి. అక్కడ ఫోన్‌కి సిగ్నల్ ఒక గీత వస్తే గొప్ప, గాలీవానా పట్టిందంటే అదీ ఉండదు. వనామీ రొయ్యల మేత గురించి, వాటికొచ్చే వైట్‌స్పాట్ జబ్బు గురించి ఇంట్లో చదివిన పేజీలు సరిగ్గా గుంట దగ్గర అవసరమైనప్పుడు తెరుచుకోవు. "స్క్రీన్‌షాట్లు తీసీ తీసీ ఫోన్ నిండిపోయుండాది బామ్మర్దీ, సైటు మొత్తం దించే దారేమన్నా ఉండాదా?" అని అడిగాడు. ఉంది, డబ్బు కూడా కట్టక్కర్లేదు. కాకపోతే దించడం తేలికే, ఎక్కడ ఆగాలో దించే సాఫ్ట్‌వేర్‌కి చెప్పడమే అసలు పని. అది తెలియక నేను ఒక రాత్రి డేటా అంతా తగలేసుకున్నాను, ఆ సంగతి కింద చెప్తాను.

ముందు మీకు కావాల్సింది ఎంతో చూసుకోండి. ఒకటి రెండు పేజీలే అయితే ఏ సాఫ్ట్‌వేరూ వద్దు. కంప్యూటర్‌లో కంట్రోల్ ఎస్ నొక్కి 'వెబ్‌పేజ్, కంప్లీట్' అని సేవ్ చేసుకోండి, ఫోన్‌లో అయితే క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కితే వచ్చే డౌన్‌లోడ్ బాణం చాలు. వికీపీడియా కావాలంటే కివిక్స్ అనే ఉచిత యాప్ ఉంది, తెలుగు వికీపీడియా మొత్తం ఒకే ఫైలుగా అందులో దొరుకుతుంది, దాన్ని పేజీ పేజీగా దించబోవడం దండగ.

పదుల, వందల పేజీలున్న సైటైతే హెచ్‌టీట్రాక్ పెట్టుకోండి. 1998 నుంచి ఉన్న పాత సాఫ్ట్‌వేర్, జేవియర్ రోష్ అనే ఆయన మొదలుపెట్టాడు. చూడ్డానికి కూడా ఆ కాలం మొహమే, కానీ పని మాత్రం ఇప్పటికీ చేస్తుంది. హెచ్‌టీట్రాక్ డాట్ కామ్ నుంచే దించుకోండి, వేరే సైట్ల జోలికి పోవద్దు. విండోస్ వాళ్లకి విన్‌హెచ్‌టీట్రాక్, లినక్స్ వాళ్లకి వెబ్‌హెచ్‌టీట్రాక్.

దించేముందు ఒక చిన్న పరీక్ష. మీ సైటులో ఒక పేజీ తెరిచి కంట్రోల్ యు నొక్కండి. పేజీ వెనకున్న కోడ్ కనిపిస్తుంది. అందులో కంట్రోల్ ఎఫ్‌తో ఆ పేజీలోని ఒక వాక్యం వెతకండి. దొరికితే ఆ సైటు దాదాపు బాగానే దిగుతుంది. దొరకలేదంటే ఆ పేజీని జావాస్క్రిప్ట్ అనే బ్రౌజర్‌లో నడిచే కోడ్ అప్పటికప్పుడు తయారుచేస్తోందని అర్థం, హెచ్‌టీట్రాక్ దించినా మీకు ఖాళీ డొల్లే మిగులుతుంది. లాగిన్ అడిగే సైట్లు, ఫేస్‌బుక్, యూట్యూబ్ లాంటివి కూడా ఆశ వదులుకోండి.

ఇప్పుడు ప్రోగ్రామ్ తెరిచి 'నెక్స్ట్' నొక్కండి. ప్రాజెక్టుకి ఒక పేరు, కింద 'బేస్ పాత్' దగ్గర ఏ ఫోల్డర్‌లో దాచాలో ఇవ్వండి. ఫోల్డర్ పేరు పొట్టిగా, డి డ్రైవ్‌లో నేరుగా ఉండేలా పెట్టండి. డెస్క్‌టాప్‌లో ఫోల్డర్ లోపల ఫోల్డర్ పెట్టి అందులో దించితే ఫైలు దారి (పాత్) మరీ పొడవైపోయి విండోస్ కొన్ని ఫైళ్లు తెరవనని మొరాయిస్తుంది. తర్వాతి తెరలో 'డౌన్‌లోడ్ వెబ్‌సైట్స్' ఎంచుకుని సైటు అడ్రస్ అతికించండి. హోమ్ పేజీ అడ్రస్ ఇవ్వాలనేం లేదు, మీకు కావాల్సిన విభాగం అడ్రసే ఇవ్వడం మేలు.

ఇక్కడ చాలామంది నేరుగా 'నెక్స్ట్', 'ఫినిష్' కొట్టేస్తారు. నేనూ అదే చేశాను. రాత్రి పదింటికి మొదలుపెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఇంకా దిగుతూనే ఉంది! ఏమైందంటే ఆ సైటులో ఒక మూల కార్యక్రమాల క్యాలెండర్ ఉంది, దాంట్లో 'వచ్చే నెల' అని ఒక లింకు. హెచ్‌టీట్రాక్ ఆ లింకు పట్టుకుని వచ్చే నెలకి పోయింది, అక్కడ మళ్లీ 'వచ్చే నెల', అలా ఖాళీ నెలలు దించుకుంటూ 2071 దాకా వెళ్లింది. గట్టు కట్టకుండా తూము ఎత్తినట్టు అయింది నా పని.

కాబట్టి అదే తెరలో ఉన్న 'సెట్ ఆప్షన్స్' బటన్ నొక్కండి. ట్యాబులు బోలెడు ఉంటాయి, భయపడొద్దు, మనకి మూడు చాలు.

'లిమిట్స్'లో 'మాక్సిమమ్ మిర్రరింగ్ డెప్త్' అంటే ఎన్ని లింకుల లోతుకి పోవాలని. 1 అంటే మీరిచ్చిన పేజీ ఒక్కటే, 2 అంటే దాని మీదున్న లింకుల పేజీలు కూడా, 3 అంటే వాటి మీదున్నవి కూడా. మొదటిసారి 3 పెట్టండి, చాలకపోతే తర్వాత పెంచుకోవచ్చు. అంకె ఒక్కటి పెరిగితే పేజీలు ఒక్కసారిగా ఎన్నో రెట్లు అవుతాయి, 'ఎందుకైనా మంచిది' అని 10 కొట్టొద్దు. అక్కడే సైటు మొత్తం సైజుకి కూడా హద్దు పెట్టొచ్చు. అది బైట్లలో అడుగుతుంది, 500 ఎంబీ దగ్గర ఆగాలంటే 5 పక్కన ఎనిమిది సున్నాలు కొట్టాలి. రోజుకి 2 జీబీ ప్యాకేజీ మీద బతికేవాళ్లు ఈ గడిని ఖాళీగా వదలొద్దు.

'స్కాన్ రూల్స్'లో ఏవి వద్దో చెప్తాం. నా క్యాలెండర్ లాంటిది ఉంటే, ఆ లింకు అడ్రస్‌లో క్యాలెండర్ అన్న మాట ఇంగ్లిష్‌లో ఎలా ఉందో చూసి, మైనస్ గుర్తు, స్టార్, ఆ మాట, మళ్లీ స్టార్, మధ్యలో ఖాళీ లేకుండా టైప్ చేయండి. ఆ మాట ఉన్న ఏ లింకునీ ఇక ముట్టుకోదు. పెద్ద వీడియోలు, జిప్ ఫైళ్లు వద్దనుకున్నా ఇదే పద్ధతి.

'ఫ్లో కంట్రోల్'లో కనెక్షన్ల సంఖ్య 2కి తగ్గించండి. చిన్న సైటు మీద ఒకేసారి పది చేతులు వేస్తే వాళ్ల సర్వర్ కుంగుతుంది, మిమ్మల్ని బ్లాక్ కూడా చేస్తారు. దించింది మీరు చదువుకోవడానికే, వేరే సైటులో పెట్టుకోవడానికి కాదు, అది వాళ్ల సొత్తు.

ఇక 'ఫినిష్'. మధ్యలో కరెంటు పోయినా టెన్షన్ వద్దు, మళ్లీ అదే ప్రాజెక్టు తెరిచి 'కంటిన్యూ ఇంటరప్టెడ్ డౌన్‌లోడ్' ఎంచుకుంటే ఆగిన చోట నుంచి అందుకుంటుంది. కొన్ని నెలల తర్వాత కొత్త పేజీలు తెచ్చుకోవాలంటే 'అప్‌డేట్' ఎంచుకోవాలి. దీంట్లో ఒక మెలిక ఉంది: అసలు సైటులో తీసేసిన పేజీలు మీ కాపీలోంచి కూడా పోవచ్చు, అందుకని అప్‌డేట్‌కి ముందు ఫోల్డర్‌ని ఒకసారి వేరేచోట కాపీ కొట్టి పెట్టుకోండి. లోపల హెచ్‌టీఎస్ క్యాష్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది, చెత్త అనుకుని తీసేయొద్దు, ఈ రెండు పనులూ దాని మీదే నడుస్తాయి.

పెన్‌డ్రైవ్‌లో ఇవ్వాలంటే ఫోల్డర్‌ని జిప్ చేసి ఎక్కించండి, వేల చిన్న ఫైళ్లు విడివిడిగా కాపీ అవ్వాలంటే తెల్లారిపోతుంది. అవతల జిప్ విప్పాక అందులోని ఇండెక్స్ ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే బ్రౌజర్‌లో సైటు తెరుచుకుంటుంది.

ఇచ్చేముందు మాత్రం మీ ల్యాప్‌టాప్‌లో వైఫై ఆపేసి లోపలి లింకులు ఒక పది నొక్కి చూడండి. నెట్ ఉన్నప్పుడు చూస్తే, కాపీలో లేని బొమ్మలు కూడా అసలు సైటు నుంచి వచ్చేసి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. నేను మొదటిసారి బావకి అలా చూడకుండానే ఇచ్చాను, ఆ రాత్రి గుంట దగ్గర వ్యాధుల పేజీ తెరిస్తే రాతలన్నీ ఉన్నాయంట, రొయ్య ఫొటోలు ఒక్కటీ రాలేదంట.