చెరువు పట్టే ముందు యాంటీబయాటిక్ టెస్టుకి రొయ్య శాంపిల్ ఇలా తీయండి

భీమవరంలో మా ల్యాబుకి ఉండి, ఆకివీడు, కాళ్ల మండలాల వైపు నుంచి శాంపిళ్లు వస్తాయి. ఐస్ కరిగి, ఏ చెరువుదో రాయని కవర్లే ఎక్కువ. అలాంటి దానికి ఎంత జాగ్రత్తగా టెస్టు చేసినా రిపోర్టు మీద నమ్మకం కుదరదు.

పట్టుబడికి కనీసం వారం ముందే తీయండి. సాయంత్రం లారీ పెట్టుకుని మధ్యాహ్నానికి రిపోర్టు ఇమ్మంటే కుదరదండీ. రొయ్యలకి వాడకూడని యాంటీబయాటిక్ నైట్రోఫ్యూరాన్ రొయ్య ఒంట్లో త్వరగా విరిగిపోతుంది, కానీ దాని ముక్కలు కండలోని ప్రొటీన్‌కి అతుక్కుపోతాయి. వండినా, ఫ్రీజ్ చేసినా పోవు. యాసిడ్ కలిపి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితేనే ఊడి వస్తాయి, అందుకే టెస్టుకి టైము పడుతుంది.

మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో దొరికిన నాలుగు రొయ్యలు చాలవు. విసురు వల అన్ని మూలల్లోనూ, మధ్యలోనూ వేసి కలపండి. చెరువుకో కొత్త కవరు, దాని మీద చెరువు నంబరు, తేదీ. పైన ఐస్ దండిగా వేయండి. ఒలవకుండా తెండి. పెంకులో సెమికార్బజైడ్ అనే పదార్థం సహజంగానే ఉంటుంది, నైట్రోఫ్యూరాన్లలో ఒకటైన నైట్రోఫ్యూరజోన్ వాడారనడానికి మేం వెతికే గుర్తు కూడా అదే. అందుకే పెంకు జాగ్రత్తగా తీసి లోపలి కండే తీసుకుంటాం.

కొత్త గ్లౌజులు తప్పనిసరి. కళ్లలో వేసుకునే చుక్కల మందుల్లో, ఆయింట్‌మెంట్లలో క్లోరాంఫెనికాల్ ఉంటుంది, రొయ్యల్లో మేం వెతికే ఇంకో యాంటీబయాటిక్ ఇది. రొయ్యల్లో దానికి యూరప్ వాళ్ల హద్దు కిలోకి 0.3 మైక్రోగ్రాములు ఉండేది, 2022 నవంబరు నుంచి 0.15కి దించారు. అంత సన్నటి లెక్కలో వేలికంటిన మందు కూడా చెరువు మీదకి వచ్చేస్తుంది.

మేం ముందు చేసేది ఎలీసా అనే రంగు చూసే టెస్టు, దాని ప్లేటులో 96 గుంటలుంటాయి. పసుపు ఎంత చిక్కగా వస్తే మందు అంత తక్కువ. పాలిపోయిన గుంట కనబడితే నాకు టెన్షన్ మొదలవుతుంది, ఆ చెరువు మీద ఎంత అప్పు ఉంటుందో నాకు తెలుసు.

అయితే అది అనుమానమే, ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ అనే ఇంకా కచ్చితమైన మెషీన్ టెస్టులో ఖాయం చేయించుకోవాలి. అప్పటిదాకా పట్టకండి. ఎక్స్‌పోర్టుకి పనికిరాకపోతే లోకల్ మార్కెట్లో అమ్మేద్దామని దయచేసి అనుకోకండి. క్లోరాంఫెనికాల్ వల్ల అరుదుగానైనా ఎముక మజ్జ దెబ్బతిని రక్తం తయారవడం ఆగిపోతుంది. దానికి ఇంతవరకు ఫర్వాలేదనే మోతాదు లేదు. మన పిల్లలు తినేదీ ఆ రొయ్యే.

ఈలోగా మేతలో కలిపిన మందుల బిల్లులన్నీ బయటికి తీయండి. లేబుల్ లేని పొడి ఏదైనా ఉంటే అదీ తెండి, రొయ్యల ఐస్ పెట్టెలో మాత్రం పెట్టకుండా.