పీసీలో సాఫీగా నడిచిన క్రైమ్ షూటర్ చేతిలోకి రాగానే ఎందుకు మొరాయిస్తుంది?

నల్లగొండలో మా మేడగదిలో ఇద్దరం కూర్చుని పీసీ కోసం చేసిన షూటర్‌ని, అంటే కాల్పుల ఆటని, ఈమధ్యే స్టీమ్ డెక్ అనే చేతిలో పట్టుకుని ఆడే పరికరం మీదికి తెచ్చాం. కథంతా రాత్రిపూటే: ఇరుకు సందులు, వాన, గోదాముల్లో కాల్పులు. మాకు తగిలిన సమస్యలు ఇవి.

సమస్య: కాల్పులు మొదలవగానే ఆట నత్తనడక

ముందు శత్రువుల సంఖ్య తగ్గించి చూశాం. వారం దండగ. అసలు దొంగ పొగ. తుపాకీ పొగ, ఆవిరి, వాన అన్నీ పారదర్శకమైన పొరలే. ఒకదాని వెనక ఒకటి పది పొరలుంటే ఒకే పిక్సెల్‌కి పదిసార్లు రంగు వేయాలి. పైగా స్టీమ్ డెక్‌లో లెక్కలు చేసే సీపీయూ, బొమ్మలు గీసే జీపీయూ ఒకే మెమరీని పంచుకుంటాయి, కాబట్టి ఆ భారం రెండింటి మీదా పడుతుంది.

పొగ ఆపేసి ఒకసారి ఆడి చూడండి. ఆట తేలికపడితే కారణం దొరికినట్టే. పొగను సగం రిజల్యూషన్‌లో గీయించండి. అంచులు మసకబారినా పొగే కదా, ఎవరికీ తెలీదు. తుపాకీ మెరుపుకు పడే నీడలు తీసేయండి. అప్పటికీ సెకనుకు 60 ఫ్రేములు (తెరమీద బొమ్మలు) నిలవకపోతే వెంటనే 30కి దిగొద్దు. స్క్రీన్‌ను 40 హెర్ట్జ్‌కి (సెకనుకు 40 సార్లు మారేలా) పెట్టి, ఆటను 40 ఫ్రేములకు కట్టేయండి. 60లో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు, 30లో 33.3, 40లో 25, అంటే సరిగ్గా నడిమధ్య. బ్యాటరీ కూడా కాస్త ఎక్కువసేపు వస్తుంది.

సమస్య: తెలుగు సబ్‌టైటిల్ విరిగిపోతోంది

మా రౌడీ "ఎవర్రా అక్కడ" అని అరిస్తే తెరమీద "ఎవర్‌రా అక్‌కడ" అని పడింది. మా అక్క కొడుకు చూసి, "మామా, వీడికి నత్తా?" అన్నాడు.

తప్పు ఫాంట్‌ది కాదు. మా ఆటను నడిపే ఇంజిన్ అక్షరాలను ఇంగ్లీషులో లాగా ఒక్కొక్కటిగా పేర్చింది. తెలుగులో హల్లు కింద వత్తు చేరాలంటే ఆ కలిపే పని ఎవరో ఒకరు చేయాలి. ఆ పని చేసిపెట్టే హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ జత చేశాక అది కుదిరింది. అయినా "స్త్రీ" అనే మాటలో కింది వత్తులు సగానికి తెగాయి, ఎందుకంటే లైన్ ఎత్తు ఇంగ్లీషు కొలతలో ఉంది. దాన్ని ఒకటిన్నర రెట్లు చేశాం. 7 అంగుళాల తెరలో వత్తులు అలుక్కుపోతుంటే అక్షరం సైజు పెంచాలి తప్ప వేరే దారి లేదు. అప్పుడు చోటు చాలకపోతే డైలాగే కుదించి రాయండి.

సమస్య: బస్సులో ఆడితే చీకటి తెరలో మన మొహమే కనిపిస్తోంది

చీకటి గదిలో కూర్చుని రంగులు సరిచేస్తే ఇంతే. బ్రైట్‌నెస్ మొత్తం పెంచితే రాత్రి కాస్తా సాయంత్రం అయిపోతుంది. శత్రువు భుజాల వెంట సన్నని వెలుగు గీత ఇవ్వండి, మిగతాది చీకట్లోనే ఉండనివ్వండి. 2003లో మ్యాక్స్ పేన్ అనే క్రైమ్ షూటర్‌ను గేమ్ బాయ్ అడ్వాన్స్ అనే చిన్న చేతి పరికరానికి తెచ్చినవాళ్లు ఇంకా ముందుకెళ్లారు: 240×160 పిక్సెళ్ల తెర కోసం హీరో వెనకుండే కెమెరానే వదిలేసి, పైనుంచి ఏటవాలుగా చూపించారు.

సమస్య: స్లో మోషన్‌లో గురి కూడా నెమ్మదిస్తోంది

బొటనవేలితో తిప్పే స్టిక్ కదలికను నెమ్మదించిన ఆటలోని కాలంతో గుణించడం వల్ల. గురికి మాత్రం అసలు కాలాన్నే వాడండి. స్టిక్‌తో దగ్గరికి తెచ్చి, చివరి వెంట్రుకవాసి జైరోతో (పరికరాన్ని వంచితే పసిగట్టే సెన్సర్‌తో) సరిచేసుకునేలా పెడితే మౌస్ లేని లోటు చాలావరకు తీరుతుంది.

సమస్య: నిద్రలేపగానే హీరో గోడ అవతల తేలాడు

హైదరాబాద్ వెళ్తూ నార్కట్‌పల్లిలో టీకి దిగినప్పుడు పవర్ బటన్ నొక్కి డెక్‌ను నిద్రపుచ్చాను. మళ్లీ ఎక్కి ఆన్ చేస్తే హీరో గోదాము గోడ దాటి, శూన్యంలో పడిపోతున్నాడు. ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య గడిచిన కాలాన్ని మేం సిస్టమ్ గడియారంతో లెక్కపెట్టాం. టీ తాగిన సమయమంతా ఒకే ఫ్రేమనుకుని హీరో ఒక్క అంగలో అంత దూరం వెళ్లిపోయాడు, గోడ తగిలిందో లేదో చూసే వీలు లేకుండా. నిద్రలో ఆగిపోయే మోనోటోనిక్ గడియారానికి మార్చి, ఒక ఫ్రేము 50 మిల్లీసెకన్లు దాటకుండా హద్దు పెట్టాం. లేవగానే పాజ్ మెనూ కూడా వచ్చేలా చేశాం, సీటు దొరికేదాకా ఎవరూ కాల్చకుండా.