టైల్స్ మార్చకుండానే బాత్‌రూమ్‌కు కొత్త రూపు
బాత్‌రూమ్ పాతబడినట్టు కనిపించడానికి చాలాసార్లు కారణం టైల్స్ కాదు, వాటి సందుల్లో నల్లబడి అక్కడక్కడా రాలిపోయిన గ్రౌట్, అంటే సందులు పూడ్చే సిమెంటు మిశ్రమం. టైల్స్ పగలగొట్టించే ముందు ఆ సందులను 2 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు వరకు గీకి, దుమ్మంతా బ్రష్‌తో ఊడ్చి, టూత్‌పేస్టంత చిక్కగా కలిపిన కొత్త గ్రౌట్‌ను రబ్బరు పలకతో ఏటవాలుగా నొక్కి నింపాలి. 15 నుంచి 20 నిమిషాల తర్వాత బాగా పిండిన స్పాంజితో పైపైన తుడవాలి. స్పాంజిలో నీరు ఎక్కువైతే నింపిన గ్రౌట్ కాస్తా ఊడివస్తుంది, మొదటి గోడపై నేను చేసిన పొరపాటు అదే. ఆపై 24 గంటలు నీరు తగలనివ్వకూడదు. గోడ, నేల కలిసే మూలల్లో గ్రౌట్ బీటలు వారుతుంది కనుక అక్కడ రబ్బరులా సాగే సిలికాన్ సీలెంట్ వాడాలి. వేలితో తట్టినప్పుడు డొల్లగా మోగే టైల్ దగ్గర మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. దానిని తీసి మళ్లీ అతికించవలసిందే.